ఆయాను పిలిచిన చిలక

రాత్రంతా వద్దు మొర్రో అన్నా అరిచిన చిలక, తీరా డిటెక్టివ్ ఆమోసు వచ్చి ఎదురుగా కూర్చునేసరికి నోరు విప్పడం మానేసింది. జామకాయ ముక్కను కాలితో పట్టుకుని తీరుబడిగా కొరుక్కుంటోంది. దాని నిర్వాకం వల్ల ఇక్కడొక మనిషి ఉరికంబం ఎక్కేలా ఉందన్న చింత దానికేం ఉంటుంది!

ఆ మనిషి తెరేసమ్మ. గవర్నరుపేటలో ఒక నర్సింగ్ హోములో ఏళ్ళ తరబడి ఆయాగా చేస్తోంది. నెత్తురు చూసి బెదిరే రకం కాదు. అలాంటిది ఇప్పుడు పటమటలోని తన ఒంటిగదిలో గోడకు జేరబడి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. నిన్న సాయంత్రం ఇస్లాంపేటలో పక్షుల కొట్టు రహ్మాన్‌ను ఎవరో తల పగలగొట్టి చంపారు. ఆ కొట్టుకు వచ్చిన ఆఖరి బేరం తెరేసమ్మదే. ఇన్‌స్పెక్టర్ సంజీవరావు పొద్దున్నే వచ్చి, "మధ్యాహ్నం దాకా బాగా ఆలోచించుకో, జీపు తీసుకుని వస్తా" అని చెప్పి మరీ వెళ్ళాడు. వీధిలో ఏ బండి చప్పుడైనా ఆమె గుండె గుభేలుమంటోంది.

ఆమోసు తల్లి జబ్బుపడి నర్సింగ్ హోములో ఉన్న రోజుల్లో ఆమెకు ఒళ్ళు తుడిచి, జావ పట్టింది తెరేసమ్మే. అందుకే కబురు అందగానే పరుగెత్తుకొచ్చాడు.

"మొదటినుంచీ చెప్పండి పిన్నీ. ఉన్నట్టుండి చిలకను కొనాలని ఎందుకనిపించింది?"

"మా అమ్మాయి మఠంలో చేరిపోయింది గదయ్యా. డ్యూటీ దిగి ఇంటికొస్తే గోడలు తప్ప పలకరించే దిక్కులేదు. మాటలొచ్చిన చిలక ఒకటుంటే ఇంట్లో కాస్త మనిషి అలికిడి ఉంటుందని వెళ్ళా. వెళ్ళకపోయినా బాగుండేది, నా ఖర్మ!"

"రహ్మాన్ ఏమన్నాడు?"

"మాటలొచ్చింది ఇదొక్కటే ఉంది. మొదట ఇది అమ్మేది కాదన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, మీ ఇంట్లో పిల్లులున్నాయా అనడిగాడు. లేవన్నా. కొట్టేవాళ్ళెవరన్నా ఉన్నారా అన్నాడు. నేనొక్కదాన్నే అన్నా. అయితే తీసుకుపోమ్మా, ఇక్కడుంటే దీని మెడ విరిచేస్తారు అన్నాడు."

"విరిచేస్తారనా? విరిచేస్తా అనా?"

"విరిచేస్తారనే అన్నాడు."

"ఎవరని అడగలేదా?"

"పెద్ద చిలకలేమో అనుకున్నానయ్యా. ఒకే పంజరంలో ఉంటే పొడుచుకుంటాయి గదా." తెరేసమ్మ కళ్ళొత్తుకుంది. "పాపం, పంజరం నా చేతికిచ్చేటప్పుడు దాని ముక్కు మీద వేలు పెట్టి, వెళ్ళు బిడ్డా అన్నట్టు వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. కన్నబిడ్డను అత్తారింటికి పంపుతున్నట్టు ముఖం పెట్టాడు."

"మీరు బయల్దేరేసరికి?"

"ఇంకా వెలుతురు ఉంది. రిక్షాలో ఇక్కడికి చేరేసరికి మా ఇంటి ఓనరు సంపూర్ణమ్మగారు వాకిట్లో దీపం పెడుతున్నారు. కావాలంటే ఆవిణ్ణి అడగండి."

"సరే. ఇప్పుడు అసలు సంగతికి రండి. ఇది ఏమంటోంది?"

తెరేసమ్మ గొంతు తగ్గించింది. చిలక వైపు చూడడానికి కూడా ఆమెకు ధైర్యం చాల్లేదు.

"వాకిట్లో మగవాళ్ళ చెప్పుల చప్పుడైతే చాలు, మొదలుపెడుతుంది. 'అబ్బా! అమ్మో! ఆయా!' ఇంతే. మళ్ళీ మళ్ళీ అదే. మా వార్డులో ఆపరేషనైన వాళ్ళు నొప్పికి ఓర్చుకోలేక ఎట్లా పిలుస్తారో అట్లాగే పిలుస్తుందయ్యా! నేను ఆయానని దానికెవరు చెప్పారు? ఆ పిలుపు వింటుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. దుప్పటి ముసుగేసుకుని తెల్లవార్లూ జపమాల తిప్పుతూనే ఉన్నా."

ఆ పిలుపు సంపూర్ణమ్మ కూడా వింది. ఆవిడ విన్నదంటే పటమట మొత్తం విన్నట్టే. పోలీసులు వచ్చేసరికి వీధి వీధంతటికీ ఆ మూడు మాటలూ అప్పజెప్పింది.

బయట జీపు ఆగింది. తెరేసమ్మ చేతిలో కొంగు జారిపోయింది.

సంజీవరావు లాఠీ చంకలో పెట్టుకుని లోపలికొచ్చాడు. ఆమోసును చూడగానే ఆయన మీసం కింద పెదవి వంకర తిరిగింది. పోయిన ఏడాది ఒక దొంగతనం కేసులో ఆమోసు అసలు దొంగను పట్టిచ్చి ఆయన పట్టుకున్న దొంగను విడిపించాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"ఏం డిటెక్టివ్‌గారూ, చిలకజోస్యం చెప్పించుకుంటున్నారా?"

"చెప్పమంటే చెప్పట్లేదండీ. మీ భయం కాబోలు."

"చెప్పాల్సింది చెప్పేసిందిలెండి. ఈవిడ వెనకనుంచి కొట్టింది. రహ్మాన్ పడిపోతూ అబ్బా, అమ్మో అన్నాడు. కొట్టిందెవరో కూడా చెప్పి చచ్చాడు. ఆయా! అది చిలక పట్టేసింది. ఈవిడేమో ఊరికే పోతుందా, వస్తూ వస్తూ చిలకను ఎత్తుకొచ్చింది. తనమీద సాక్షిని తానే ఇంటికి తెచ్చుకుంది పాపం!"

"అయ్యా, నాకేం పగయ్యా ఆయన మీద?" తెరేసమ్మ చేతులు జోడించింది. "ఆయనెవరో నేనెవరో!"

"చిలక ఒక్కసారి విని మాట పట్టేస్తుందాండీ?" అన్నాడు ఆమోసు. "నెలల తరబడి చెవిలో పోస్తే గానీ రాముడు అనడం రాదు దానికి."

"చచ్చేవాడి కేక ఒక్కసారి వింటే నేనే జన్మలో మర్చిపోను. చిలకెంత?"

"ఈవిడ ఆయా అని రహ్మాన్‌కు ఎలా తెలుసు?"

"డ్యూటీ దిగి తిన్నగా కొట్టుకే వెళ్ళింది. ఆ తెల్లచీర చూస్తే ఎవడైనా చెప్తాడు." సంజీవరావు తెరేసమ్మ వైపు తిరిగాడు. "నడు. కొట్లో ఎక్కడ నిలబడ్డావో, ఎక్కడినుంచి ఏం తీశావో చూపించు. ఆ తర్వాత స్టేషన్‌కి. పంజరం కూడా పట్టుకురా."

జీపులో తెరేసమ్మ పంజరాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తనకు జైలు తప్పదనే అనుకుంది. మఠంలో కూతురికి ఈ కబురు ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు? "మీ అమ్మ హత్య చేసింది" అంటారా? ఎదురుగా ఆమోసు ధైర్యంగా ఉండమన్నట్టు తల ఊపాడు గానీ, ఆయన ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు.

కొట్టు ముందు పోలీసు కాపలా ఉంది. కొట్టు వెనకే రహ్మాన్ ఇల్లు. రెంటికీ మధ్య ఒక గది, ఆ గదికి కొట్లోకి ఒక తలుపు, పక్కనే ఊచల కిటికీ, వెనక ఇంట్లోకి ఇంకో తలుపు. కొట్లోంచి నేరుగా పెరట్లోకి ఒక గుమ్మం ఉంది. శవం పరీక్షకు ఆస్పత్రికి వెళ్ళింది. గదిలో రహ్మాన్ భార్య దిల్షాద్ బేగం స్పృహ వచ్చీరానట్టు మంచం మీద పడి ఉంది. ఆమె కూతురు అన్వరీ పెరటి గుమ్మం దగ్గర మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది. పెళ్ళీడు పిల్ల. నిన్నటినుంచీ ఒక్క కన్నీటిబొట్టు కార్చలేదనీ, ఒక్క మాట మాట్లాడలేదనీ కాపలా పోలీసు చెప్పాడు.

"ఇంట్లో మగదిక్కు?" ఆమోసు అడిగాడు.

"దిల్షాద్ బేగం తమ్ముడు కాశిం. బందరునుంచి పొద్దున్న బస్సుకు వచ్చాడు. బావతో పడక రెండేళ్ళుగా ఈ గడప తొక్కలేదట. అయినా చావు కబురు వినగానే అన్నీ మరిచిపోయి వచ్చాడు. పెద్దమనిషి. ఖననానికి ఏర్పాట్లు చూస్తున్నాడు," అన్నాడు సంజీవరావు.

ఆమోసు కొట్టంతా కలియదిరిగాడు. గోడ పొడుగునా పంజరాలు. ప్రతి పంజరం మీదా గోతాం కప్పి ఉంది. నిన్నటినుంచీ వాటిని ముట్టుకోలేదని పోలీసు చెప్పాడు.

"మీరు వచ్చినప్పుడు ఈ గోతాలు ఉన్నాయా పిన్నీ?"

"లేవయ్యా. పక్షులన్నీ ఒకటే గోల. ఒకదాని మాట ఒకటి విననివ్వడం లేదు."

"చీకటి పడితే గానీ పక్షుల మీద గోతాం కప్పరు. అంటే చీకటిపడేదాకా రహ్మాన్ బతికే ఉన్నాడు. ఆ వేళకు ఈవిడ పటమటలో సంపూర్ణమ్మగారి వాకిట్లో ఉంది."

"ఈవిడే కప్పి ఉంటుంది, పక్షులు అరవకుండా." సంజీవరావు చేత్తో దులిపేశాడు. "ఇంకేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి." ఆమోసు మూలకు వెళ్ళి ఒక పెద్ద వెదురుబుట్టను పైకెత్తాడు. దూరపు ఊళ్ళనుంచి పక్షుల్ని తెచ్చే బుట్ట అది. అడుగున పరిచే గడ్డి అంతా పీకి నేలమీద చల్లేసి ఉంది. బుట్ట అంచున నెత్తుటి మరక. "దెబ్బ తల వెనక పడింది. కొట్టినవాడు ఆ నెత్తుటి చేత్తోనే ఈ బుట్టలో గడ్డి పీకి దేనికోసమో వెతికాడు. చిలక కోసం వచ్చిన ఆయాకు పక్షుల బుట్ట అడుగున ఏం పని?"

సంజీవరావు లాఠీతో బూటు మీద కొట్టుకుంటూ నిలబడ్డాడు. తర్వాత, ఓడిపోయినట్టు ఉండడం ఇష్టంలేక గాబోలు, గట్టిగా అరిచాడు. "అవన్నీ కోర్టులో మీ ప్లీడరు చేత చెప్పించండి! ఏమ్మా, నడు, స్టేషన్‌కి పోదాం."

తెరేసమ్మ కదలబోయి పంజరాల బల్ల పట్టుకుని ఆగిపోయింది.

అప్పుడు పెరటివైపునుంచి చెప్పుల చప్పుడు వినబడింది.

ఆమె చేతిలో పంజరం అదిరింది. అంతసేపూ మూగనోము పట్టిన చిలక మెడ సాచి, రెక్కలు కొట్టుకుంటూ, కొట్టు దద్దరిల్లేలా అరిచింది. "అబ్బా! అమ్మో! ఆయా!"

గోతాల కింద పక్షులన్నీ ఒక్కసారిగా గోల పెట్టాయి. పెరటి గుమ్మంలో లుంగీ, తెల్లచొక్కా వేసుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. నెత్తిమీద టోపీ, చేతిలో జేబురుమాలు. అతనే కాశిం.

"విన్నారా!" సంజీవరావు ముఖం వెలిగిపోయింది. "ఇప్పుడేమంటారు డిటెక్టివ్‌గారూ? ఆయా అనలేదూ?"

తెరేసమ్మకు కళ్ళు బైర్లు కమ్మాయి. అయిపోయింది, ఇక తనను దేవుడు కూడా కాపాడలేడు అనుకుంది.

కానీ అదే క్షణంలో అన్వరీ లేచింది. తూలుతూ వచ్చి పంజరాన్ని రెండు చేతులా పట్టుకుంది. నిన్నటినుంచీ బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారి బయటపడింది. "అబ్బా... అబ్బా..."

తెరేసమ్మ ఉలిక్కిపడింది. తన జన్మంతా ఆ మాట వింటూనే ఉంది ఆమె. నొప్పికి మూలిగేవాళ్ళ అబ్బా గొంతులో పుట్టి అక్కడే నీరసపడి చస్తుంది. ఈ పిల్లది అట్లా లేదు. దూరాన ఉన్న మనిషి కోసం పిలిచినట్టు చివర పైకి లేస్తోంది. చిలక అబ్బా కూడా అట్లాగే లేచింది. గొంతు కూడా ఈ పిల్లదే!

"తల్లీ," ఆమె అడిగింది, "నొప్పికి అంటున్నావా, ఎవర్నన్నా పిలుస్తున్నావా?"

"మా నాన్నని," అంది అన్వరీ వెక్కుతూ. "మేం అబ్బా అనే పిలుస్తాం. చిలక నన్ను చూసే నేర్చుకుంది."

"మరి ఆయా అంటే... నేను కాదా?"

"కాదండీ. వచ్చాడు అని. మా ఉర్దూ మాటలో."

తెరేసమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఓరి దేవుడా! తనను కాదు, రాత్రంతా అది తనను పిలవనే లేదు! ఆయాపని చేసీ చేసీ, ఎవరు ఆయా అన్నా తననే అనుకునే చెవులైపోయాయి తనవి. ఆ చెవుల్ని నమ్మి తనే నలుగురికీ చెప్పింది. ఉరితాడు తనే పేనుకుంది.

"ఎవరు వచ్చాడని?" ఆమోసు రెండడుగులు ముందుకేశాడు. "మధ్యలో ఇంకో మాట ఉంది. అది అమ్మో కాదు కదా?"

అన్వరీ నోరు తెరిచింది. ఆమె చూపు కాశిం మీద పడింది. నోరు మూతపడిపోయింది.

"పిల్ల దుఃఖంలో ఉంది సార్, ఏదేదో మాట్లాడుతోంది," అన్నాడు కాశిం ఎంతో మర్యాదగా. "ఆ చిలక మా బావ పెంచుకున్నది. గుర్తుగా ఇంట్లో ఉంచుకుంటాం. ఇలా ఇవ్వండమ్మా."

చెయ్యి చాచి అతను అడుగు ముందుకేశాడు. చిలక మళ్ళీ గొంతు చించుకుంది. ఈసారి తెరేసమ్మ చెవులకు ఆ మాట ముడి విడిపోయి వినిపించింది.

"అబ్బా! మామూ ఆయా!"

"మామూ," అంది తెరేసమ్మ. "మామూ అంటోందయ్యా."

సంజీవరావు లాఠీ ఆడించడం ఆగిపోయింది. "నాన్నా, మేనమామ వచ్చాడు," అన్నాడు తనలో తనే మెల్లిగా. తర్వాత తలెత్తాడు. "ఏమ్మా అన్వరీ, మీ అమ్మకు అన్నదమ్ములెందరు?"

"ఒక్కరే."

"చిలక మీ ఇంటికి ఎప్పుడొచ్చింది?"

"ఈ ఏడు మామిళ్ళు పూసినప్పుడు. అప్పటికి దానికి ఈకలు కూడా రాలేదు."

"రెండేళ్ళుగా గడప తొక్కలేదన్నావు కదయ్యా కాశిం," అన్నాడు ఆమోసు. "ఏడాది నిండని చిలకకు నీ చెప్పుల చప్పుడు ఎలా తెలిసింది?"

కాశిం బెదరలేదు. జేబురుమాలుతో మెడ తుడుచుకుని నవ్వాడు. "వచ్చి ఉంటాను సార్. అక్కను చూసి పోయుంటాను. బావతో మాటల్లేవు కాబట్టి చెప్పలేదు. అది తప్పే. కానీ నిన్న వచ్చానని చెప్పడానికి ఈ చిలక నిన్న సాయంత్రం ఇక్కడ లేదు కదా! అమ్మగారు పటమట తీసుకెళ్ళిపోయారు కదా!"

సంజీవరావు, ఆమోసు ముఖముఖాలు చూసుకున్నారు. కాశిం అన్వరీ వైపు తిరిగి ఉర్దూలో ఏదో అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది. అందులో అమ్మీ అన్న మాట ఒక్కటే తెరేసమ్మకు అర్థమైంది. అన్వరీ గది వైపు, మంచం మీద పడున్న తల్లి వైపు చూసి రాయిలా బిగుసుకుపోయింది.

తెరేసమ్మ పంజరం కింద పెట్టి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. నాడి దడదడ కొట్టుకుంటోంది.

"నాకూ భయమేనే తల్లీ," అంది. "నిన్నటినుంచీ భయంతో చస్తున్నా. నువ్వు నోరు విప్పకపోతే నన్ను తీసుకుపోతారు. అది పోనీ. కానీ ఇక్కడ ఈయనతో నువ్వూ మీ అమ్మా మిగిలిపోతారు. ఆలోచించుకో."

అన్వరీ పెదవులు కదిలాయి.

"మామూ తెచ్చే బుట్టల్లో గడ్డి కింద ఫారిన్ వాచీలుంటాయి. ఇక ఆ బుట్టలు ముట్టుకోనన్నాడు అబ్బా. మామూ వస్తే నేను కేకేసేదాన్ని, అబ్బా వీధివైపునుంచి వెళ్ళిపోయేవాడు. తర్వాత్తర్వాత నాకంటే ముందు చిలకే కేకేసేది. మామూ దాని మెడ విరిచేస్తానన్నాడు. అందుకే అబ్బా అమ్మేశాడు." ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "నిన్న చీకటి పడ్డాక మామూ పెరట్లోంచి వచ్చాడు. నన్ను చూసి నోటిమీద వేలు పెట్టాడు. నేను పిలవలేదు. చిలకేమో లేదు. అబ్బాకు తెలియలేదు."

తెరేసమ్మ గుండెలో కలుక్కుమంది. తను వెళ్ళి బతిమాలకపోతే ఆ చిలక నిన్న ఇక్కడే ఉండేది, ఆ మనిషి ఇవాళ బతికి ఉండేవాడు.

"పట్టుకోండి!" అని సంజీవరావు అరిచేలోపే కాశిం పక్క గదిలోకి దూకి తలుపు వేసుకున్నాడు. లోపల గడియ పడింది. ఊచల కిటికీలోంచి దిల్షాద్ బేగం కేక సగంలో ఆగిపోయింది. మరుక్షణం తలుపు సందులోంచి గుప్పున కిరసనాయిలు వాసన కొట్టింది.

"తలుపు ముట్టుకుంటే అక్కను తగలబెట్టేస్తా!" కాశిం గొంతులో ఇప్పుడు మర్యాద లేదు. "ఆ పిల్ల చెప్పింది అబద్ధం. చంపింది ఆ ఆయా! దానికి బేడీలు వెయ్యండి, నేను చూడాలి. జీపెక్కించి తీసుకుపొండి. అప్పుడే తలుపు తీస్తా."

కప్పు తాటాకుది. నేలంతా గడ్డి, గోతాలు. ఒక్క నిప్పురవ్వ చాలు. అన్వరీ "అమ్మీ" అంటూ తలుపు మీద పడబోతే తెరేసమ్మ ఒడిసిపట్టింది. ఆమోసు పోలీసు చెవిలో వెనక తలుపు సంగతి తను చూసుకుంటానని చెప్పి, కిటికీలోంచి కనబడకుండా వంగి పెరటివైపు జారుకున్నాడు.

సంజీవరావు నుదుటి చెమట తుడుచుకుని తెరేసమ్మ వంక చూశాడు. అడగాలని ఉంది, అడగలేకపోతున్నాడు. పొద్దుటినుంచీ ఆమెను నువ్వు నువ్వు అన్న నోరు అది.

తెరేసమ్మకు పారిపోవాలని ఉంది. వీధి తలుపు తీసే ఉంది, ఇప్పుడు ఆపేవాళ్ళు కూడా లేరు. ఆమె అన్వరీని పోలీసుకు అప్పగించి, కిటికీ ఎదురుగా వెళ్ళి నిలబడి, రెండు చేతులూ ముందుకు చాచింది.

"వెయ్యండయ్యా," అంది. "ముందు ఆ తల్లి బయటికి రానీయండి."

సంజీవరావు బేడీలు వేశాడు. ఆమె ఆ చేతుల్ని పైకెత్తి కిటికీలోకి కనబడేలా పట్టుకుంది. ఊచల వెనక కాశిం కళ్ళు వాటిని చూశాయి, ఆమెను చూశాయి. తర్వాత ఆమె వెనకాల ఎవరికోసమో వెతికాయి.

"ఆ డిటెక్టివ్ ఏడీ?" అన్నాడు కాశిం.

లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. ఆ వెంటే గది వెనక తలుపు విరిగిపడిన చప్పుడు, కుండెడు నీళ్ళు కుమ్మరించిన చప్పుడు, "ఆరిపోయింది!" అన్న ఆమోసు కేక వినబడ్డాయి.